చిన్న కళాశాల ఎంపిక: నాందేడ్ సరిహద్దు విద్యార్థి ముందున్న దారి

పన్నెండో తరగతి ఫలితాలు వెలువడిన నాటి నుంచి డిగ్రీ ప్రవేశాలు ముగిసే వరకు గడిచే కొద్ది వారాలు మరాఠ్వాడా కుటుంబాలకు ఎంతో ఆందోళనతో కూడిన కాలం. బోర్డు పరీక్షల్లో అత్యధిక మార్కులు సాధించడం కోసం నాందేడ్‌కు పొరుగు జిల్లా లాతూర్‌లో రూపుదిద్దుకున్న కఠినమైన శిక్షణ పద్ధతి ‘లాతూర్ ప్యాటర్న్’ పేరుతో మహారాష్ట్ర అంతటా ప్రసిద్ధి పొందగా, వైద్యవిద్యా ప్రవేశానికి జరిపే నీట్ పరీక్ష శిక్షణకు ఇటీవలి సంవత్సరాలలో నాందేడ్ నగరం కూడా పెద్ద కేంద్రమైంది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాలలోని తెలుగు కుటుంబాలకు ఒక వైపు ఈ శిక్షణ కేంద్రాలు, మరో వైపు హైదరాబాద్‌లోని కార్పొరేట్ కళాశాలలు కనిపిస్తాయి. ఈ రెండింటిలో దేనివైపూ మనసు పోని విద్యార్థి, అంటే చరిత్రను, ఆర్థికశాస్త్రాన్ని, సాహిత్యాన్ని, జీవశాస్త్రాన్ని కలిపి చదవాలని కోరుకునే విద్యార్థి, మార్కులు రాక వెనుకబడినవాడన్న ముద్రను మోయవలసి వస్తోంది. అటువంటి విద్యార్థికి తగిన కళాశాలను, అందులోనూ చిన్న కళాశాలను, ఏ ప్రమాణాలతో ఎంచుకోవాలన్నదే ఈ ప్రసంగంలో చర్చకు వచ్చే విషయం.

ముందుగా రెండు పదాలను స్పష్టం చేసుకోవాలి. ‘లిబరల్ ఆర్ట్స్’ అని వ్యవహారంలో ఉన్న విద్యను తెలుగులో ఉదార విద్య అనవచ్చు. ఇది కేవలం బీఏ చదువు కాదు. ప్రాచీన, మధ్యయుగ ఐరోపాలో వ్యాకరణం, తర్కం, వక్తృత్వంతో పాటు అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళశాస్త్రం ఇందులో భాగాలుగా ఉండేవి. నేటికీ గణితం, భౌతికశాస్త్రం దీనిలో అంతర్భాగాలే. ఒక వృత్తికి మాత్రమే పనికివచ్చే నైపుణ్యం కాక, అనేక శాస్త్రాల ఆలోచనా పద్ధతులతో పరిచయం కలిగించి, వాటిలో ఒకదానిని లోతుగా చదివించడం ఈ విద్య లక్ష్యం. ఇక ‘ప్రగతిశీల’ కళాశాల అన్నప్పుడు అది రాజకీయ పక్షానికి సంబంధించిన మాట కాదు. అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ 1896లో చికాగోలో ప్రయోగాత్మక పాఠశాలను స్థాపించి, 1916లో ప్రచురించిన ‘ప్రజాస్వామ్యం - విద్య’ అన్న గ్రంథంలో వివరించినట్లు, విద్యార్థి తన అనుభవంతో, ప్రశ్నతో, చేతి పనితో నేర్చుకోవాలనీ, తరగతి గదే ఒక చిన్న ప్రజాస్వామ్య సమాజంగా నడవాలనీ భావించే పద్ధతికి ఆ పేరు వచ్చింది.

ఈ భావాలతో అమెరికాలో పుట్టిన కళాశాలలు చాలావరకు చిన్నవే. పోర్ట్‌లాండ్ నగరంలో 1908లో స్థాపితమైన రీడ్ కళాశాలలో మార్కులు నమోదవుతాయి గాని, వాటిని విద్యార్థికి ఎప్పటికప్పుడు తెలియజేయడం ఆనవాయితీ కాదు. చివరి సంవత్సరంలో ప్రతి విద్యార్థీ ఒక పరిశోధన వ్యాసం రాసి, అధ్యాపకుల ఎదుట దానిని సమర్థించుకోవలసి ఉంటుంది. 1926 నాటి సారా లారెన్స్ కళాశాలలో ప్రతి విద్యార్థికీ ఒక సలహాదారు అధ్యాపకుడు ఉండి, అతని చదువును గురించి మార్కులకు తోడు మాటలలో వివరంగా రాసే మూల్యాంకనం నడుస్తుంది. ఓహాయో రాష్ట్రంలోని యాంటియోక్ కళాశాల 1921లో చదువునూ ఉద్యోగాన్నీ వంతులవారీగా కలిపింది. నార్త్ కరోలినాలో 1933లో వెలసిన బ్లాక్ మౌంటెన్ కళాశాలలో చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ వంటివారు బోధించగా, విద్యార్థులు పొలం పని కూడా చేశారు.

అయితే నాందేడ్ విద్యార్థి ప్రగతిశీల విద్యను అర్థం చేసుకోవడానికి అమెరికా వరకు పోనక్కరలేదు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసేనాటికి హైదరాబాద్ సంస్థానంలో ఉన్న ఏకైక విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడిన ఉస్మానియా, దాని బోధన భాష ఉర్దూ. మరాఠీ, తెలుగు, కన్నడ మాతృభాషలుగా గల అత్యధిక జనానికి ఉన్నత విద్య దూరంలోనూ భాషలోనూ అందనిదిగా ఉండేది. ఆ వెలితిని పూడ్చడానికి 1950లో, ఒకే ఏడాదిలో, మరాఠ్వాడాలో రెండు ప్రైవేటు కళాశాలలు పుట్టాయి. ఔరంగాబాద్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ తన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ ద్వారా స్థాపించిన కళాశాల, తర్వాత మిలింద్ మహావిద్యాలయంగా పేరు పొందినది, ఒకటి. నాందేడ్‌లో స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో నాందేడ్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించిన పీపుల్స్ కళాశాల రెండవది.

ఈ రెండు కళాశాలల పుట్టుకలో ఉన్న ఆలోచన నేటి ఎంపికకు కూడా ఎంతగానో ఉపకరిస్తుంది. అంబేడ్కర్ 1913 నుంచి 1916 వరకు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నప్పుడు జాన్ డ్యూయీ తరగతులకు హాజరైన విద్యార్థి. సారా లారెన్స్‌కూ బ్లాక్ మౌంటెన్‌కూ ప్రేరణ ఇచ్చిన గురువే మరాఠ్వాడాలోని ఒక కళాశాల స్థాపకుడికి కూడా గురువు కావడం యాదృచ్ఛికమైనా, రెండు చోట్లా ఆ బోధన తీసుకున్న రూపాలలో ఉన్న తేడా గమనించదగినది. అమెరికన్ కళాశాలలు తరగతి గది లోపల ఏం జరగాలన్న ప్రశ్నపై దృష్టి నిలిపాయి. అంబేడ్కర్ ఆ గదిలోకి ఎవరు రావాలన్న ప్రశ్నను ముందుకు తెచ్చారు. అంతవరకు పాఠశాల గడప తొక్కడమే గగనమైన దళిత కుటుంబాల పిల్లలు, పల్లెల నుంచి వచ్చిన తొలి తరం విద్యార్థులు మిలింద్ విద్యార్థులయ్యారు. బౌద్ధ భిక్షువు నాగసేనుడిని నిస్సంకోచంగా ప్రశ్నించిన యవన రాజు మిలిందుడి పేరు కళాశాలకు, నాగసేనుడి పేరు దాని ఆవరణకు పెట్టడంలో, గురువును ప్రశ్నించే హక్కు శిష్యుడికి ఉన్నదన్న సూచన స్పష్టంగా ఉంది. అక్కడి నుంచి వచ్చిన తరాలు మరాఠీ దళిత సాహిత్యోద్యమానికి ఊపిరి పోశాయి. గంగాధర్ పాంతావణే దశాబ్దాలపాటు నడిపిన ‘అస్మితాదర్శ్’ పత్రికకు మూలాలు ఆ వాతావరణంలోనే ఉన్నాయి.

స్వామి రామానంద తీర్థ కథ తెలుగు శ్రోతలకు పూర్తిగా కొత్తది కాదు. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను నడిపిన ఆయన అనుచరులలో పి.వి. నరసింహారావు ఒకరు. రాజకీయాలకు ముందు రామానంద తీర్థ ఉపాధ్యాయుడు; హిప్పరగాలోని జాతీయ పాఠశాలలోనూ, ఆ తర్వాత అంబాజోగాయిలోనూ బోధించినవారు. ఆయన స్థాపించిన పీపుల్స్ కళాశాలలో మరాఠీ అధ్యాపకుడిగా చేరి, తరువాత ప్రిన్సిపాల్‌గా పనిచేసిన నరహర్ కురుందకర్ (1932–1982) ఉదార విద్యకు ఈ ప్రాంతం అందించిన అత్యుత్తమ ఉదాహరణ అని చెప్పడానికి సంకోచించవలసిన పని లేదు. సాహిత్య విమర్శకుడైన కురుందకర్ భరతుడి నాట్యశాస్త్రం మీద, మనుస్మృతి మీద, హైదరాబాద్ విమోచన చరిత్ర మీద, లౌకికవాదం మీద సమానమైన అధికారంతో రాశారు. నాట్యశాస్త్రాన్నీ, స్మృతులనూ, సమకాలీన రాజకీయాన్నీ ఒకే మనిషి ఒకే తీక్షణతతో చర్చించడం విద్యార్థులు రోజూ చూడగలిగిన చోట, శాస్త్రాల మధ్య గోడలు కృత్రిమమైనవని ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ‘బహుళ విషయాధ్యయనం’ అన్న మాట ఏ ప్రభుత్వ పత్రంలోనూ లేని రోజులలో నాందేడ్‌లో అది ఒక అధ్యాపకుడి రూపంలో నడిచింది. అందువల్ల ఏ కళాశాలనైనా పరిశీలించేటప్పుడు పాఠ్యక్రమం పట్టిక కన్నా ముందు, తమ శాస్త్రపు హద్దులు దాటి చదివే అధ్యాపకులు అక్కడ ఎందరున్నారో చూడడం సముచితం.

ఆంధ్ర ప్రాంతంలోనూ ఈ సంప్రదాయం ఉంది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల పుస్తక విద్యతో పాటు చేతి వృత్తులకూ చిత్రకళకూ చోటు ఇచ్చింది. ప్రమోద్ కుమార్ ఛటర్జీ అక్కడ చిత్రకళ నేర్పగా, ఆయన శిష్యుడు, నవలాకారుడు అడివి బాపిరాజు తరువాత ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. అనీ బెసెంట్ ప్రోత్సాహంతో 1915లో మదనపల్లెలో ఏర్పడిన దివ్యజ్ఞాన కళాశాలకు ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ బస చేసి ‘జన గణ మన’ గీతానికి ఆంగ్లానువాదం రాశారు. ఈ రెండూ చిన్న ఊళ్లలో వెలసిన చిన్న సంస్థలే.

2010 నుంచి ఈ చదువు భారతదేశంలో మరో రూపంలో తిరిగి వచ్చింది. బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2010లో, సోనీపత్‌లో అశోకా విశ్వవిద్యాలయం 2014లో, పుణేలో ఫ్లేమ్ విశ్వవిద్యాలయం 2015లో, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయం 2018లో ఏర్పడ్డాయి. వీటిలో చాలా చోట్ల మొదటి సంవత్సరం విద్యార్థులందరూ రచన, తర్కం, గణాంక పద్ధతులు, సమాజ పరిచయం వంటి ఉమ్మడి అంశాలు చదివి, ఆ తరువాతే ప్రధాన విషయాన్ని ఎంచుకుంటారు. బోధన ప్రమాణాలు ఉన్నతమైనవే. కాని చాలా వాటిలో ఏడాది ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఆర్థిక సహాయం ఇచ్చే పద్ధతి ఈ సంస్థల్లో ఉన్నప్పటికీ, ఎంత ఆదాయం గల కుటుంబానికి ఎంత మేరకు సహాయం దొరుకుతుంది, అది తిరిగి చెల్లించనక్కరలేని రాయితీయా లేక అప్పా, మొదటి సంవత్సరం ఇచ్చిన సహాయం నాలుగేళ్లూ కొనసాగుతుందా అన్న మూడు ప్రశ్నలకు లిఖితపూర్వకమైన సమాధానం రాబట్టుకోకుండా ఏ తల్లిదండ్రులూ ముందడుగు వేయకూడదు. రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే ఉపకార వేతనాలు, ఫీజు రాయితీలు సాధారణంగా స్థానికతతో ముడిపడి ఉంటాయి గనుక, మహారాష్ట్ర నివాసి అయిన తెలుగు విద్యార్థి హైదరాబాద్‌లో చేరితే తెలంగాణ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హుడు కాలేడు. ఇంట్లో మాట్లాడే భాష ఆ అర్హతను తెచ్చిపెట్టదు.

అంబేడ్కర్ వేసిన ప్రశ్న ఈ సందర్భంలోనే మళ్లీ ముందుకు వస్తుంది. చర్చ ద్వారా నేర్పే కళాశాలలో తోటి విద్యార్థులే సగం పాఠం. కరవు గురించి చర్చ జరిగే గదిలో కరవును పుస్తకంలో మాత్రమే చూసినవారే కూర్చుని ఉంటే, ఎంత గొప్ప అధ్యాపకుడు ఉన్నా ఆ చర్చ ఒకే స్వరంలో సాగుతుంది. అదే గదిలో ముఖేడ్ తాలూకా మెట్ట రైతు బిడ్డ, బిలోలి పద్మశాలి కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి, నాందేడ్ గురుద్వారా పరిసరాలలో పెరిగిన సిక్కు యువకుడు ఉంటే ఆ చర్చకు వచ్చే నిండుదనాన్ని ఏ పాఠ్యక్రమమూ సమకూర్చలేదు. కాబట్టి లోపల బోధన ఎలా సాగుతుందన్న దానితో సమానంగా, లోపలికి ఎవరు రాగలుగుతున్నారన్నది కూడా ప్రగతిశీల కళాశాలకు గీటురాయి కావాలి. ఈ కోణంలో చూస్తే, పెద్ద నగరంలోని ఖరీదైన కొత్త సంస్థ కన్నా జిల్లా కేంద్రంలోని పాత అనుదానిత కళాశాల కొన్నిసార్లు ఎక్కువ ప్రగతిశీలమైనదిగా తేలవచ్చు. అనుదానిత కళాశాల అంటే అధ్యాపకుల జీతాలు ప్రభుత్వ గ్రాంటు నుంచి వచ్చే ప్రైవేటు కళాశాల; అందువల్లే అక్కడ ఫీజు తక్కువ.

అయితే ఆ పాత కళాశాలల నేటి స్థితిని కూడా దాచకుండా చెప్పుకోవాలి. మహారాష్ట్రలో శాశ్వత అధ్యాపక పదవులు పెద్ద సంఖ్యలో భర్తీ కాకుండా ఉండగా, ఆ పాఠాలను ‘సీహెచ్‌బీ’ అధ్యాపకులు, అంటే బోధించిన గంటల లెక్కన వేతనం పొందేవారు, నెట్టుకొస్తున్నారు. వారిలో గొప్ప పండితులు ఉన్నారు. నెట్, పీహెచ్‌డీ అర్హతలతో ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవారూ ఉన్నారు. కాని వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియని అధ్యాపకుడు విద్యార్థితో నాలుగేళ్ల అనుబంధం పెంచుకోవడం కష్టం. పెద్ద కళాశాలలో ఒక శాఖలో నలుగురుండి ఒకరు వెళ్లిపోయినా చదువు సాగుతుంది. చిన్న కళాశాలలో తత్వశాస్త్రానికి ఉన్న ఒక్క అధ్యాపకుడు వెళ్లిపోతే ఆ శాస్త్రమే మూతపడుతుంది. అందుచేత అధ్యాపకుల సంఖ్యతో పాటు వారిలో శాశ్వత ఉద్యోగులు ఎందరు, గడచిన మూడేళ్లలో ఎందరు మారారు అన్నది ప్రతి కళాశాలలోనూ అడగవలసిన మొదటి ప్రశ్న. కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ ఇచ్చే గ్రేడు కొంతవరకు ఉపయోగపడుతుంది గాని, ఈ ప్రశ్నకు సమాధానం ఆ అక్షరంలో దొరకదు.

జాతీయ విద్యావిధానం 2020 అమలుతో సాధారణ అనుబంధ కళాశాలలలో కూడా ప్రధాన విషయం, ఉప విషయం, ఓపెన్ ఎలెక్టివ్ అన్న విభజన వచ్చింది. ఓపెన్ ఎలెక్టివ్ అంటే విద్యార్థి తన విభాగానికి బయటి విషయాన్ని స్వేచ్ఛగా ఎంచుకొని చదవడం. కాగితం మీద ఇది ఉదార విద్యే. ఆచరణలో మాత్రం ఏ విషయాన్ని బోధించే మనిషి ఆ కళాశాలలో ఉన్నారో ఆ విషయమే అందరి ‘ఎంపిక’ అవుతుంది. నాందేడ్, లాతూర్, పర్భణీ, హింగోలి జిల్లాల కళాశాలలు 1994లో ఏర్పడిన స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నాయి. స్వయంప్రతిపత్తి లేని అనుబంధ కళాశాల తన పాఠ్యక్రమాన్ని తానే నిర్ణయించుకోలేదు. కనుక ప్రాస్పెక్టస్‌లో ముద్రించిన జాబితాను కాక, నిరుడు వాస్తవంగా ఏ ఓపెన్ ఎలెక్టివ్‌లకు తరగతులు జరిగాయో తెలుసుకోవడమే మేలు.

మూల్యాంకనం గురించి ఒక హెచ్చరిక అవసరం. మార్కులకు బదులు అధ్యాపకుడు విద్యార్థి గురించి పేజీలకొద్దీ వివరంగా రాసే పద్ధతి వినడానికి ఎంతో మానవీయంగా ఉంటుంది, సద్బుద్ధి గల అధ్యాపకుడి చేతిలో నిజంగానే అది మానవీయం. కాని కులం, ఇంటిపేరు, యాస, వేషం చూసి మనిషిని అంచనా కట్టే సమాజంలో, పేరు కనిపించకుండా నంబరు మాత్రమే ఉండే విశ్వవిద్యాలయ సమాధాన పత్రం ఎందరో దళిత, వెనుకబడిన వర్గాల విద్యార్థులకు రక్షణ కవచమైందన్న సత్యాన్ని మరువరాదు. తరగతి చర్చలో పాల్గొన్నందుకు మార్కులు ఇచ్చే చోట, ఇంగ్లీషులో తడబడే విద్యార్థి ఆలోచన లేనివాడిగా నమోదయ్యే ప్రమాదం ఉంది. అంతర్గత మూల్యాంకనంపై అభ్యంతరం చెప్పుకునే మార్గం ఏమిటి, రెండో అధ్యాపకుడు ఆ పత్రాన్ని చూస్తాడా అన్న విషయాలు అడగడం అవిశ్వాసం కాదు, జాగ్రత్త.

ఇంగ్లీషు తడబాటు వల్ల కలిగే ఈ ప్రమాదం సరిహద్దు విద్యార్థికి మరింత బలంగా వర్తిస్తుంది. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకు ముందు బాసర క్షేత్రం ఉన్న ముధోల్ తాలూకా నాందేడ్ జిల్లాలో, కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవి. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ ప్రాంతాలు నిజామాబాద్‌కు వెళ్లాయి. గీత మారినా మనుషుల రాకపోకలు ఆగలేదు. నాందేడ్ రైల్వే డివిజన్ ఈనాటికీ సికింద్రాబాద్ కేంద్రంగా గల దక్షిణ మధ్య రైల్వేలోనే ఉంది. ఫలితంగా ధర్మాబాద్ విద్యార్థి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ హిందీ మాట్లాడి, డిగ్రీలో ఇంగ్లీషు పుస్తకాలు తెరుస్తాడు. తెలుగు ధారాళంగా మాట్లాడుతూనే ఆ లిపి చదవలేని యువతీ యువకులు ఈ తాలూకాలలో ఎందరో ఉన్నారు. నాలుగు భాషల మధ్య పెరగడం ఉదార విద్యకు అరుదైన పెట్టుబడి. భాషాశాస్త్రం, అనువాదం, ప్రాంతీయ చరిత్ర, జానపద పరిశోధన ఇటువంటి విద్యార్థికి సహజంగా తెరుచుకునే క్షేత్రాలు. ఇంటిపేరు చివర ‘వార్’ చేరిన తెలుగు కుటుంబాల వలస చరిత్రను ఆ కుటుంబాల బిడ్డ కన్నా బాగా సేకరించగలవారు అరుదు. కాని అదే విద్యార్థి కేవలం ఇంగ్లీషులో నడిచే చర్చాగోష్ఠిలో మొదటి ఏడాది మౌనంగా కూర్చుండిపోవచ్చు.

కాబట్టి భాష విషయంలో కళాశాల వైఖరిని సూటిగా పరీక్షించాలి. మొదటి సంవత్సరంలో ఇంగ్లీషు రచనకు ప్రత్యేక సహాయం, అవమానం కలిగించని రీతిలో, అందుతుందా? మరాఠీ గ్రంథాలను, ప్రాంతీయ భాషల పత్రికలను పాఠ్య సామగ్రిగా గౌరవిస్తారా? మరాఠీలో వ్యాసం రాసే వీలు, మన విశ్వవిద్యాలయాలలో మానవీయ శాస్త్రాలకు ఉన్నట్లు, అక్కడ కూడా ఉందా? తెలుగు లిపి నేర్చుకోదలచిన విద్యార్థికి ఆ పని చదువులో భాగంగా లెక్కకు వస్తుందా? భాషలను మోయవలసిన బరువుగా కాక జ్ఞాన సాధనాలుగా చూసే కళాశాల ఎంత చిన్నదైనా, దాని పేరు ఎవరూ వినకపోయినా, సరిహద్దు విద్యార్థికి అదే తగిన చోటు.

చిన్న కళాశాలల ఆయుష్షు ప్రశ్నను దాటవేయడం కూడా సరికాదు. డ్యూయీ స్వయంగా సలహా మండలిలో ఉన్న బ్లాక్ మౌంటెన్ 1957లో మూతపడింది. యాంటియోక్ 2008లో మూతపడి 2011లో తిరిగి తెరుచుకుంది. వెర్మాంట్ రాష్ట్రంలోని మార్ల్‌బరో కళాశాల 2020లో, గాడర్డ్ కళాశాల 2024లో ముగిసిపోయాయి. వీటిలో ఏదీ చెడ్డ కళాశాల కాదు. విద్యార్థుల ఫీజు మీదనే ప్రధానంగా ఆధారపడి, తగినంత మూలనిధి లేని సంస్థలో ఒకటి రెండేళ్లు ప్రవేశాలు తగ్గితే జీతాలకే కటకట ఏర్పడుతుంది. మనదేశంలో దాతల వాగ్దానాల మీద నిలిచిన సంస్థలకు కూడా ఇదే వర్తిస్తుంది. డిగ్రీ మధ్యలో కళాశాల మూతపడితే ఆ విద్యార్థి క్రెడిట్లు ఏమవుతాయి? 2021 నుంచి అమలులో ఉన్న అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, అంటే విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను అతని పేరిట భద్రపరిచే జాతీయ ఖాతా, కొంత ఊరట ఇస్తుంది. అయితే మరో కళాశాల ఆ క్రెడిట్లను అంగీకరించాలి. యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూసుకోవడం కనీస జాగ్రత్త. గుర్తింపు ఉన్న డిగ్రీకి సివిల్ సర్వీసుల పరీక్షలోనూ, బీఎడ్‌లోనూ, న్యాయవిద్యలోనూ అర్హత ఉంటుంది. నాలుగేళ్ల డిగ్రీని 75 శాతం మార్కులతో పూర్తి చేసినవారు నేరుగా పీహెచ్‌డీ ప్రవేశానికి పోటీ పడవచ్చునని యూజీసీ 2022 నిబంధనలు చెబుతున్నాయి. ఈ చదువుకు భవిష్యత్తు లేదన్న తల్లిదండ్రుల భయానికి పూర్తి సమాధానం ఇది కాదు, ఎందుకంటే వృత్తివిద్య పూర్తి చేసినవారి వలె ఉదార విద్య పట్టభద్రుడికి వెంటనే ఉద్యోగం దొరకకపోవచ్చు. ఒకటి రెండేళ్ల పై చదువు ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకొనే కుటుంబానికి తరువాత ఇబ్బంది తక్కువ.

ఆడపిల్లల విషయంలో దూరం, వసతి గృహం చాలాసార్లు మిగిలిన ప్రమాణాలన్నిటినీ మించి నిర్ణాయకమవుతున్నాయి. ధర్మాబాద్, ఉమ్రీ, ముద్ఖేడ్ స్టేషన్ల నుంచి రైలులో నాందేడ్‌కు రోజూ వచ్చి పోయే విద్యార్థిని సాయంత్రపు చర్చాగోష్ఠికి గాని, గ్రంథాలయంలో గడిపే గంటలకు గాని ఆగలేదు. చిన్న కళాశాలలో అసలు చదువు చాలావరకు ఆ గంటలలోనే జరుగుతుంది. వసతి గృహంలో గది దొరుకుతుందా, రాత్రి ఏ వేళ వరకు గ్రంథాలయానికి అనుమతి ఉంటుంది, అబ్బాయిలకు లేని ఆంక్షలు అమ్మాయిలకు ఉన్నాయా అన్నవి పాఠ్యక్రమం వలెనే విద్యా విషయాలు. వాటి సమాధానాన్ని బట్టి ఒక కళాశాలను వదులుకున్నా తప్పు లేదు.

వీలైతే ప్రవేశాల హడావుడి మొదలు కాకముందే, జనవరి, ఫిబ్రవరి నెలలలో, తరగతులు జరుగుతున్న రోజున విద్యార్థి, తల్లి లేదా తండ్రి కలిసి కళాశాలకు వెళ్లడం మంచిది. స్వాగతం పలికే అధికారితో మాట్లాడడం కన్నా, అనుమతి అడిగి వెనుక బెంచీలో కూర్చుని ఒక పూర్తి పాఠం వినడం, ఆ పాఠంలో విద్యార్థులు ఎన్నిసార్లు నోరు విప్పారో, అధ్యాపకుడు వారికి ఎలా బదులిచ్చాడో గమనించడం ఎక్కువ ఉపయోగకరం. తమ తాలూకా నుంచో, తమ భాష నుంచో వచ్చిన రెండో సంవత్సరపు విద్యార్థి ఎవరైనా ఉంటే ఆ విద్యార్థితో విడిగా మాట్లాడాలి. గ్రంథాలయంలో పుస్తకాల సంఖ్య కన్నా, గత నెలలో విద్యార్థులు ఇంటికి తీసుకువెళ్లిన పుస్తకాల రిజిస్టరు చూడాలి. చివరి సంవత్సరపు విద్యార్థులు రాసిన పరిశోధన వ్యాసాలు అక్కడ భద్రపరచి ఉంటే, వాటిలో రెండు మూడింటిని చదవడానికి ఆ ప్రయాణంలో ఒక పూట కేటాయించాలి. ఆ వ్యాసాలు ఇతరుల మాటలను కూర్చి పెట్టినవా, లేక ధర్మాబాద్ మిర్చి మార్కెట్టు వంటి ఒక చోటికి వెళ్లి, మనుషులతో మాట్లాడి, లెక్కలు చూసి, తమంతట తాము ఒక నిర్ణయానికి వచ్చినవా అన్నది మొదటి పది పేజీలలోనే తెలిసిపోతుంది.